దసలి పట్టు రెక్కల పురుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

మద్ది చెట్టు కొమ్మకు కాయలా వేలాడే పట్టుకాయను, అంటే పట్టుపురుగు గూడును, అడవి అంచు ఊళ్లలో అందరూ గుర్తుపడతారు. దసలి పట్టు చీర పట్నంలోనూ తెలుసు. ఆ రెండింటి మధ్య బతికే జీవిని దగ్గరగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. చెన్నూరు వైపు మా కాక వాళ్ల ఊళ్లో మొదటిసారి చూసినప్పటి నుంచి దీని మీద నాకు తీరని ఇష్టం. తెలిసినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

వానాకాలం రాత్రి మా వరండా లైటు దగ్గర అరచేతికన్నా పెద్ద పురుగు వాలింది. రెక్కల మీద కళ్లలాంటి గుండ్రటి మచ్చలున్నాయి. ఇదేనా?

మీ ఊరి చుట్టుపక్కల మద్ది చెట్లుంటే చాలావరకు ఇదే అయి ఉంటుంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఆడది ఇంకా పెద్దది. నాలుగు రెక్కల మీదా ఒక్కో గుండ్రటి మచ్చ ఉంటుంది. ఆ మచ్చ నడిమధ్యన చూడండి. అక్కడ పొడి పొలుసులు ఉండవు, గాజు పెంకులాంటి పల్చటి పొర మాత్రమే ఉంటుంది. రెక్క వెనక లైటు ఉంటే వెలుగు అందులోంచి ఇవతలికి కనబడుతుంది. దీన్ని పోల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి గుర్తు ఇదే.

లేత ఆకుపచ్చ రంగులో, వెనక రెక్కలకు పొడవాటి తోకలు ఉంటే అది చంద్ర చిమ్మట. దీనికి దగ్గరి చుట్టమే కానీ ఇది కాదు. గాజు పొరలాంటి ఆ మచ్చలు గుండ్రంగా కాకుండా మూడు మూలలుగా ఉండి, పురుగు మరీ పెద్దదైతే అది అట్లాస్ చిమ్మట. మూడూ సాటర్నిడే అనే ఒకే కుటుంబానివి.

దీన్ని ఏమని పిలవాలి? చిమ్మటా, సీతాకోకచిలుకా, పట్టుపురుగా?

సీతాకోకచిలుక కాదు. బడి పుస్తకాల్లో చిమ్మట అంటారు. రైతులు రెక్కలొచ్చిన దశను రెక్కల పురుగు అనీ, ఆకు తినే దశను పట్టుపురుగు అనీ అంటారు. నాకు రైతుల మాటే ఇష్టం, ఏ దశ గురించి మాట్లాడుతున్నామో వెంటనే తెలిసిపోతుంది. దీని పట్టును మనం దసలి పట్టు అంటాం. హిందీలో టసర్, ఛత్తీస్‌గఢ్‌లో కోసా. కోశం, అంటే గూడు, నుంచి వచ్చిందే కౌశేయం అనే సంస్కృత మాట.

శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. లండన్‌లో బంగారు పని చేసే వ్యాపారి, పురుగుల సేకరణ మీద పిచ్చి ప్రేమ ఉన్న డ్రూ డ్రూరీ 18వ శతాబ్దంలో ఈ పేరు పెట్టాడు. పాత పుస్తకాల్లో ఆంథీరియా పాఫియా అని కూడా కనబడుతుంది. మైలిట్టా, పాఫియా రెండూ ప్రేమ దేవతకు పాతకాలం నాటి పేర్లే. పెద్దయ్యాక జత కట్టడం కోసమే బతికే జీవికి ఆ పేర్లు బాగా కుదిరాయి.

ఇంట్లోకి వచ్చిన రెక్కల పురుగుకు తినడానికి ఏం పెట్టాలి?

ఏమీ పెట్టొద్దు. దానికి తినే నోరే లేదు. నోటి భాగాలు ఉన్నా పని చేసే స్థితిలో ఉండవు. తేనె తాగదు, నీళ్లు తాగదు. ఆకు తిన్న రోజుల్లో ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే మిగతా జీవితమంతా గడుపుతుంది. ఆ జీవితం ఓ వారం, మహా అయితే పది పన్నెండు రోజులు.

అందుకే ఇంట్లోకి వస్తే డబ్బాలో పెట్టి మూత వేయొద్దని అందరినీ బతిమాలుతుంటాను. దానికి ఉన్నవే కొద్ది రాత్రులు. ఒక రాత్రి డబ్బాలో గడిచిపోతే దాని బతుకులో పెద్ద ముక్క పోయినట్టే. లైటు ఆపేసి, ఒక కాగితం మీదకు ఎక్కించి, బయట చెట్టు మీద వదిలేయండి.

ఆడదో మగదో ఎలా తెలుస్తుంది?

తల మీది మీసాలు చూడండి. మగదానికి అవి వెడల్పుగా, పక్షి ఈకల్లా ఉంటాయి. ఆడదానికి సన్నగా ఉంటాయి. మగది ఎక్కువగా ఇటుక రంగులోనో గోధుమ రంగులోనో ఉంటుంది, పొట్ట సన్నం. ఆడది పసుపు లేదా బూడిద రంగు, గుడ్లతో నిండిన పొట్ట బరువుగా వేలాడుతుంది.

మగదాని మీసాల్లో అన్ని పాయలు ఉండటం అందం కోసం కాదు. ఆడది పుట్టిన రాత్రి ఎక్కువ దూరం ఎగరదు. ఒకచోట కూర్చుని పొట్ట చివరి నుంచి ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకు అది తెలియనే తెలియదు. మగది చీకట్లో, గాలికి ఎదురుగా, ఆ వాసన దారి పట్టుకుని వస్తుంది. జత కట్టాక ఆడది 150 నుంచి 250 దాకా గుడ్లు పెడుతుంది.

అంత గట్టి కాయలోంచి రెక్కల పురుగు బయటికి ఎలా వస్తుంది? కొరికి వస్తుందా?

కొరకడానికి పళ్లు లేవు. నోట్లోంచి ఒక ద్రవం ఊరుతుంది. అందులో కోకూనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పట్టు దారం నిజానికి రెండు పదార్థాలు: లోపల ఫైబ్రాయిన్ అనే పోగు, దాని చుట్టూ సెరిసిన్ అనే బంక. ఈ ఎంజైమ్ బంకను కరిగిస్తుంది, పోగు జోలికి పోదు. కాయ కొన తడిసి మెత్తబడుతుంది, పోగులు పక్కకు జరుగుతాయి, పురుగు తలతో నెట్టుకుంటూ వస్తుంది.

ఒకసారి మా కాక వాళ్ల ఇంట్లో దూలానికి వేలాడదీసిన కాయల దండ దగ్గర రాత్రి కూర్చుని ఇది చూశాను. తొమ్మిది దాటాక ఒక కాయ కొస తడిగా నల్లబడింది. లోపల్నుంచి గీకుతున్న చప్పుడు. చాలాసేపటికి ఒక తల, రెండు కాళ్లు, ఆ తర్వాత ఒళ్లంతా ఒక్కసారిగా బయటపడింది. తడిసి ముద్దయిన పాత గుడ్డ పేలికలా ఉంది. రెక్కలు నా బొటనవేలి గోరంతే. కాయను పట్టుకుని కిందికి వేలాడుతూ వాటిలోకి ఒంట్లోని ద్రవం పంపడం మొదలుపెట్టింది. ముడతలు ఒక్కొక్కటే విడిపోతూ, రెక్కలు కిందికి జారుతూ, నేను చూస్తుండగానే ఆ గోరంత రెక్కలు అరచేతంత అయ్యాయి. అప్పటిదాకా మాట్లాడుతున్న పిల్లలు కూడా నోరు మెదపలేదు.

గుడ్డు నుంచి కాయ దాకా ఎన్ని రోజులు పడుతుంది?

గుడ్డు పొదగడానికి 8 నుంచి 10 రోజులు. పురుగు ఆకు తినేది వానాకాలంలో సుమారు 30 నుంచి 40 రోజులు. చలి పెరిగితే ఇంకా ఆలస్యం, 60 రోజులు కూడా పట్టొచ్చు.

ఆ మధ్యలో నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. మన రైతులు దీన్ని జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా. పేరు ఎంత సరిగ్గా ఉందో చూస్తే అర్థమవుతుంది. ముందు రోజు దాకా ఆబగా తిన్నది తిండి మానేస్తుంది, తల కాస్త పైకెత్తి కదలకుండా కూర్చుంటుంది. ముట్టుకున్నా పట్టించుకోదు. జ్వరం నుంచి లేచాక విడిచిన చర్మాన్ని తినేసి మళ్లీ ఆకు మీద పడుతుంది.

పుట్టినప్పుడు పసుపు కలిసిన గోధుమ రంగు, నల్ల తల. మొదటి జ్వరం తర్వాత పచ్చబడుతుంది. ఐదో దశకు వచ్చేసరికి బొటనవేలికన్నా లావుగా, 12, 13 సెంటీమీటర్ల పొడవుతో, మద్ది ఆకులో కలిసిపోయే పచ్చ రంగులో ఉంటుంది. పక్కలకు వెండి పూత పూసినట్టు మెరిసే చుక్కలు. ఆ పచ్చదనంలో పురుగును వెతకడం కష్టం, కానీ చెవికి తెలిసిపోతుంది. రాత్రిపూట తోటలో నిలబడితే రెట్టల గుళికలు ఎండుటాకుల మీద రాలుతూ సన్నటి తుంపర పడుతున్నట్టు వినబడుతుంది.

కాయ కొమ్మకు అంత గట్టిగా ఎలా వేలాడుతుంది? గాలివానకు రాలిపోదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఈ పురుగు పనితనమంతా ఇక్కడే ఉంది.

మల్బరీ పురుగుకు మనిషి చంద్రిక, అంటే వెదురుతో అల్లిన తట్ట, అందిస్తాడు, అందులో అది గూడు కడుతుంది. దసలి పురుగుకు ఆ సౌకర్యం లేదు. అందుకని మొదట రెండు మూడు ఆకులను పోగులతో దగ్గరకు లాగి పల్చటి ఊయల లాంటిది కట్టుకుంటుంది. తర్వాత అందులోంచి సగం బయటికొచ్చి, ఆకు తొడిమ మీదుగా కొమ్మ దాకా పాకి, కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం అల్లుతుంది. ఆ ఉంగరం నుంచి ఊయల దాకా ఒక గట్టి కాడ వేస్తుంది. అంటే ఇల్లు కట్టకముందే ఇంటిని మోసే తాడు పేనుకుంటుంది. ఆకు ఎప్పుడో రాలిపోతుందని దానికి తెలిసినట్టే ఉంటుంది ఈ పని చూస్తే. ఎండాకాలంలో మద్ది ఆకంతా రాలినా కాయ కొమ్మకే ఉంటుంది.

తాడు పని అయ్యాక ఊయలలోకి తిరిగొచ్చి, తలను ఎనిమిది అంకెలా తిప్పుతూ మూడు నాలుగు రోజులు కాయ అల్లుతుంది. చివర్లో ఒక తెల్లటి ద్రవం వదులుతుంది. అది పోగుల్లోకి ఇంకి, ఆరిపోయి, కాయ పెంకులా గట్టిపడుతుంది. ఖాళీ కాయను వేళ్లతో నొక్కి చూడండి, సొట్ట పడటం కూడా కష్టం.

చెట్టు మీద కాయ దొరికింది. లోపల ప్రాణం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. మా కాక నాకు నేర్పింది ఇదే: "ఊపి సూడు బిడ్డా. బరువుగ కొట్టుకుంటే పాణం ఉన్నట్టు. గలగల అన్నదంటే ఎండిపోయినట్టు." చలికాలంలో కట్టిన కాయలోని ప్యూపా, అంటే పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య దశ, వెంటనే రెక్కల పురుగుగా మారదు. ఎండాకాలమంతా అలాగే నిద్రపోయి, తొలకరికి గాలిలో తేమ పెరిగాక లేస్తుంది. ఐదారు నెలలు కదలకపోయినా చచ్చిందనుకుని పారేయకండి. ఎండ తగలని చోట, గాలి ఆడేలా వేలాడదీస్తే చాలు.

ఏ చెట్ల మీద పెరుగుతుంది?

మన దగ్గర ముఖ్యంగా నల్లమద్ది, ఏరుమద్ది (తెల్లమద్ది అని కూడా అంటారు). ఒడిశా, బస్తర్ అడవుల్లో సాల్ చెట్టు. ఇవి కాక చెన్నంగి, రేగు లాంటి చాలా చెట్ల ఆకు తినగలదు, అయితే కాయ సైజు తగ్గుతుంది. మల్బరీ ఆకు దీనికి పనికిరాదు.

తెలుగు నేల మీద ఎక్కడ ఉంది?

మంచిర్యాల జిల్లాలో చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి వైపు, భూపాలపల్లి జిల్లాలో మహదేవ్‌పూర్ వైపు, అంటే ప్రాణహిత, గోదావరి ఒడ్డు అడవుల్లో. ఆంధ్రప్రదేశ్‌లో రంపచోడవరం ఏజెన్సీలో. నదికి అవతల గడ్చిరోలి, బస్తర్‌లలో కూడా ఇదే జీవి, ఇదే పని.

దేశం మొత్తం మీద చూస్తే దసలి పట్టులో జార్ఖండ్‌ది పెద్ద చెయ్యి. ఈ పురుగు మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ కూడా రాంచీలోనే ఉంది. ఒక్కో అడవికి అలవాటు పడి ఒక్కో రకం ఏర్పడింది. సింగ్‌భూమ్‌లో దాబా, సిమ్లిపాల్‌లో మోడల్, బస్తర్‌లో రైలీ. మనదాన్ని ఆంధ్రా లోకల్ అని పిలుస్తారు. కాయ చిన్నది, కానీ గట్టిది, ఏడాదికి మూడు పంటలు ఇస్తుంది.

మల్బరీ పట్టుపురుగులా షెడ్డులో పెంచలేమా?

మల్బరీ పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగింది. దాని రెక్కల పురుగు ఎగరలేదు, మనిషి ఆకు వేయకపోతే బతకదు. దసలి అలా మచ్చికైన జీవి కాదు. గుడ్లు మనం తయారుచేసి ఇచ్చినా, పురుగులు చెట్టెక్కాక వానలో, ఎండలో, గాలిలోనే పెరగాలి. చాకీ దశలో, అంటే చిన్న పురుగులుగా ఉన్నప్పుడు, చెట్లపై నైలాన్ వల కప్పుతారు. అంతకుమించి కాపాడేది మనిషి కాపలానే. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మలు కోసి ఇంకో చెట్టుకు చేర్చాలి. కుటుంబమంతా నెలన్నర తోటలోనే గుడిసె వేసుకుని ఉండటం నేను చూశాను. ఉండేలుతో పిట్టలను తోలుతూ పొద్దున్నుంచి చీకటి పడేదాకా తలెత్తి చూసే పని అది. మెడలు పట్టేస్తాయి. ఒక్క పెద్ద వాన నాలుగు రోజులు పట్టుకుంటే ఆ టెన్షన్ ఇంటిల్లిపాదిదీ.

దీనికి శత్రువులు ఎవరు?

చీమలు, గొల్లభామలు, కంపు నల్లులు, కందిరీగలు, పిట్టలు, ఉడతలు, కోతులు. రైతులు ఎక్కువగా భయపడేది ఊజీ ఈగకు. అది పెద్ద పురుగు చర్మం మీద తెల్లటి గుడ్డు పెడుతుంది. దాంట్లోంచి వచ్చిన ఈగ పిల్ల ఆ పట్టుపురుగు ఒంట్లోకి తొలుచుకుపోతుంది, అక్కడ ఒక నల్ల మచ్చ మిగులుతుంది. పసుపు రంగు కందిరీగ ఒకటి ఇంకో రకం. కాయ ఇంకా మెత్తగా ఉండగానే బయటి నుంచి సూది గుచ్చి లోపలి జీవిలో గుడ్డు పెడుతుంది.

రెక్కల మీది కళ్ల మచ్చలు కూడా శత్రువుల కోసమే. కూర్చున్న పురుగును పిట్ట పొడవబోతే అది ఒక్కసారిగా రెక్కలు విప్పుతుంది, పిట్ట ఉలిక్కిపడిన ఆ క్షణంలో తప్పించుకుంటుంది.

గుడ్లు పెట్టాక తల్లి పురుగును నలిపి చూస్తారట. అంత కఠినం ఎందుకు?

పెబ్రిన్ అనే జబ్బు వల్ల. దాన్ని కలిగించే సూక్ష్మజీవి తల్లి నుంచి గుడ్డులోకి వెళ్తుంది. ఒక్క జబ్బు తల్లి గుడ్లు కలిస్తే తోట మొత్తం పోవచ్చు. అందుకని గుడ్లు పెట్టిన తల్లి పొట్టను నీటితో నూరి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద చూస్తారు. మెరిసే కోలటి బీజాలు కనబడితే ఆ గుడ్లన్నీ కాల్చేస్తారు. 1860లలో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ మల్బరీ పట్టు రైతుల కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. అది మన చెన్నూరు విత్తన కేంద్రం దాకా వచ్చింది. గుడ్లు పెట్టాక ఆ తల్లి ఎలాగూ కొద్ది రోజులే బతుకుతుంది. నా మటుకు నాకు ఇది న్యాయమైన పనిగానే అనిపిస్తుంది.

ముట్టుకుంటే దురద పెడుతుందా?

లేదు. పురుగుకూ విషపు వెంట్రుకలు లేవు, రెక్కల పురుగుకూ కుట్టే ముల్లు లేదు. రెక్క పొలుసులు పొడిలా వేళ్లకు అంటుకుంటాయి, అవి పోతే దానికే నష్టం.

లైటు చుట్టూ ఎందుకు తిరుగుతుంది?

లైటును చంద్రుడనుకుంటుందని చాలాకాలం చెప్పుకున్నాం. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చిమ్మటలనూ, ఇతర పురుగులనూ చూశారు. ఎగిరే పురుగులు వెలుతురు వైపు వీపు తిప్పుతాయి. ఆకాశం ఎప్పుడూ నేలకన్నా వెలుగ్గా ఉంటుంది కాబట్టి అడవిలో ఆ అలవాటు వాటిని నిటారుగా ఉంచుతుంది. పక్కన బల్బు ఉంటే వీపు అటు తిరిగి, దాని చుట్టూనే చిక్కుకుపోతాయి. వరండా లైటు ఆపమని నేను అడిగేది అందుకే.

పట్టు కోసం లోపలి జీవిని చంపాల్సిందేనా?

తెగని దారం కావాలంటే, అవును. రెక్కల పురుగు రాకముందే కాయలను ఆవిరి పట్టి, తర్వాత సోడా నీళ్లలో ఉడికించి దారం తీస్తారు. దీన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

పురుగు వెళ్లిపోయిన కాయలు కూడా వృథా కావు. వాటిని మెత్తబరిచి చేత్తో లాగి నూలు తీస్తారు. గరుకుగా, మందంగా ఉండే ఆ నూలును ఘీచా అంటారు. మల్బరీ పట్టులో ఇదే దారిని హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య అహింసా పట్టు పేరుతో తీసుకొచ్చారు. చాలాకాలం దసలి దారాన్ని ఆడవాళ్లు తొడ మీద వేసి పేనేవారు. చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడేవి. ఇప్పుడు చిన్న యంత్రాలు వస్తున్నాయి, అవి ప్రతి ఊరికీ చేరాలి.

నేను కొన్నది అసలు దసలేనా?

నేనే ఒకసారి మోసపోయాను. ఒక దుకాణంలో దసలి అని చెప్పి అమ్మిన చీర అంచు పోగును ఇంటికొచ్చి కాల్చి చూస్తే, కరిగి ముద్దయింది. అంటే పాలిస్టర్. పట్టు పోగు కరగదు, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. అయితే ఈ పరీక్ష పట్టా కాదా అన్నంత వరకే. దసలిని కంటితో పోల్చుకోవాలి. రంగు వేయకముందే తేనె, రాగి ఛాయ ఉంటుంది. పోగు మందం అక్కడక్కడా మారుతుంది, మెరుపు మల్బరీ కన్నా తక్కువ. సిల్క్ మార్క్, అంటే అసలు పట్టు అని చెప్పే ముద్ర, ఉన్నది అడిగి తీసుకోండి.

మనిషి దీన్ని ఎప్పటి నుంచి వాడుతున్నాడు?

హరప్పాలో దొరికిన లోహపు నగల్లో చిక్కుకున్న పోగులను పరీక్షించి, అవి ఈ ఆంథీరియా జాతి పట్టేనని 2009లో పరిశోధకులు ప్రకటించారు. వాటి వయసు 4000 ఏళ్లకు పైనే. చైనా పట్టు ఇక్కడికి రాకముందే మన అడవి పట్టు మన చేతిలో ఉందన్నమాట.

బ్రిటిష్‌వాళ్లలో దీని జీవితాన్ని శ్రద్ధగా రాసినవాడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వెళ్లకముందు మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల మీద పనిచేసిన మనిషే.

దగ్గర్నుంచి చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

రెక్కల పురుగు కోసమైతే తొలకరి రోజుల్లో, పురుగుల కోసమైతే ఆ తర్వాత నెలలో. తోట యజమానిని ముందే అడగండి. అగరుబత్తి, దోమల మందు, సెంటు లాంటివి ఒంటి మీద లేకుండా వెళ్లండి. చెట్టు మీద చెయ్యి వేసేముందు ఒకసారి అడగండి, జ్వరంలో ఉన్న పురుగును కదిలిస్తే అది మళ్లీ పట్టు దొరకబుచ్చుకోలేక కింద పడిపోతుంది. కాయల కాలంలో వెళ్తే ఒక కొమ్మను మెల్లగా వంచి, ఆ ఉంగరం ఎలా అల్లిందో వేలితో తడిమి చూడండి.